ఒకే పేరుతో రెండు ప్రొసీజర్లు

పొద్దున టీ కప్పు ఇంకా చేతిలో ఉండగానే మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి వచ్చి పక్కన నిలబడ్డాడు. "అక్కా, ప్రొసీజర్ మార్చాను, ఎర్రర్ కూడా రాలేదు. కానీ బిల్లులో లేట్ ఫీ పడట్లేదు" అన్నాడు. రాత్రి నిద్రపోయినట్టు లేడు, ముఖం పీక్కుపోయి ఉంది.

మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ప్రొసీజర్ అంటే అందులోనే ఉంచి, పేరుతో పిలిచి నడిపే కోడ్. అతను రాసింది చూస్తే తప్పేమీ లేదు. బిల్లు లెక్కగట్టే ప్రొసీజర్‌కి ఇంతకుముందు కస్టమర్ నంబరు, తేదీ, ఈ రెండే పేరామీటర్లు, అంటే పిలిచేటప్పుడు ఇచ్చే విలువలు. మూడోదిగా లేట్ ఫీ శాతం కలిపాడు. ప్రొసీజర్‌ని పిలిచే జావా ప్రోగ్రామ్‌ని ముట్టుకోకుండా ఉండాలని దానికి డీఫాల్ట్ విలువ, అంటే ఏమీ పంపకపోతే వాడుకునేది, కూడా ఇచ్చాడు. మంచి ఆలోచనే.

అరగంట లాగ్‌లు తిరగేశాక, డేటాబేస్‌నే అడుగుదామని తట్టింది. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ ప్రాక్ అని ఒక కేటలాగ్ టేబుల్ ఉంటుంది. మనం రాసిన ప్రతి ఫంక్షన్‌కీ, ప్రొసీజర్‌కీ అందులో ఒక వరుస. పేరు ఇచ్చి సెలెక్ట్ క్వెరీ కొడితే, ఒక్కటి రావాల్సిన చోట రెండు వరుసలు. ఒకదాని పక్కన పేరామీటర్ల టైపులు "ఇంటీజర్, డేట్". రెండోదాని పక్కన "ఇంటీజర్, డేట్, న్యూమరిక్".

అతను వాడిన కమాండ్ క్రియేట్ ఆర్ రీప్లేస్. అలా అంటే పాతది పోయి కొత్తది వస్తుందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిని ఇంటిపేరుతో గుర్తుపట్టినట్టు, పోస్ట్‌గ్రెస్ పేరుతో పాటు పేరామీటర్ల టైపులు కూడా చూస్తుంది. టైపులు మారేసరికి పాతదాని పక్కనే కొత్తది పుట్టింది. జావా రెండు విలువలే పంపుతోంది కాబట్టి, డీఫాల్ట్ అవసరం లేని పాతదే ప్రతిసారీ నడుస్తోంది.

టెస్ట్ సర్వర్‌లో బిగిన్‌తో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి పాతదాన్ని డ్రాప్ చేయమన్నాను, అంటే తీసేయమన్నాను. పోస్ట్‌గ్రెస్‌లో డ్రాప్‌ని కూడా కమిట్ చేసేలోపు రోల్‌బ్యాక్ చేసి వెనక్కి తీసుకోవచ్చు, ఈ ఒక్క గుణానికే నాకు అదంటే ప్రాణం. ఉత్త పేరు ఇస్తే ఒప్పుకోలేదు, బ్రాకెట్లలో టైపులు రాశాకే పోయింది. మళ్లీ కాల్ చేశాడు. 2,000 బిల్లు 2,040 అయింది. మార్పుని ఖాయం చేసే కమిట్ కొట్టేటప్పుడు అతని వేలు కాసేపు కీ మీదే ఆగింది.

మధ్యాహ్నం మా స్కీమా, అంటే డేటాబేస్‌లో మా టేబుళ్లు, ప్రొసీజర్లు ఉన్న భాగం, మొత్తం మీద అదే క్వెరీని పేరు వారీగా గుంపులు చేసే గ్రూప్ బై పెట్టి నడిపాను. ఇంకో నాలుగు పేర్లు రెండేసి సార్లు కనిపించాయి. వాటిలో రెండు పేర్లు కావాలనే అలా రాసినవి. మిగతా రెండూ ఫంక్షన్లు, 2018లో పోస్ట్‌గ్రెస్ 11వ వెర్షన్‌తో ప్రొసీజర్లు రాకముందువి. వాటిని ఎక్కడెక్కడ పిలుస్తున్నారో రేపు వెతకాలి.

ఆ అబ్బాయి ఇవాళ ఆరింటికే ఇంటికెళ్లాడు.