‘కథలు’ కాస్తా ‘కదలు’ అయిన ప్రూఫు: నా అనుభవం

‘బుజ్జి మేఘం కథలు’ అట్టకు నిన్న సాయంత్రం తుది ఆమోదం దొరికింది. మూడు వారాలుగా నన్ను నిద్రపోనివ్వని పని ఇది. ఆ చేదు నోట్లో ఉండగానే రాసిపెడుతున్నాను. పిల్లల పుస్తకానికి లావుపాటి అల్లరి అక్షరాలతో పేరు కూర్చవలసి వచ్చేవారికి ఇందులో కొంతైనా పనికొస్తుంది.

ఫాంటు ఎంపిక ఒక్క పూటలో తేలిపోయింది. ఏక్ టైప్ సంస్థవారి ‘బాలూ తమ్ముడు’ మొదటినుంచీ నా మనసులో ఉంది. బాలూ కుటుంబంలో తమిళానికి తంబి, కన్నడానికి తమ్మ, మలయాళానికి చేట్టన్ ఉన్నట్టే తెలుగుకు తమ్ముడు ఉన్నాడు. పేరుకు తగ్గట్టే అక్షరాలు బొద్దుగా, మూలలన్నీ నున్నగా, బుగ్గలు పూరించిన పిల్లాడిలా ఉంటాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది కనుక అచ్చు పుస్తకంలో వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

పేరు కూర్చడమూ పెద్ద కష్టం కాలేదు. సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల లేఅవుట్ ఎంచుకోకపోతే ‘జ్జి’ విడిపోయి పొల్లుతో కనిపిస్తుంది, అది సరిచేసుకున్నాను. పేరు రెండు వరుసల్లో పెట్టినప్పుడు పై వరుసలోని జ వత్తు కింద వరుసలోని ‘క’ తలకట్టును గుద్దుకుంది. వరుసల మధ్య ఎడం పెంచే బదులు ‘కథలు’ను కాస్త కుడికి జరిపాను. వత్తు ఖాళీలోకి దిగి కూర్చుంది, రెండు వరుసలూ చేతులు పట్టుకున్నట్టు కలిశాయి. ఆ అమరిక ఈ పనిలో నేను గర్వపడే చోటు.

నన్ను కుంగదీసింది ప్రూఫు చూసిన సమావేశం. ప్రచురణ సంస్థవారు ఆరుగురు బల్ల చుట్టూ కూర్చున్నారు. సంపాదకులుగారు ముందుగా స్పైన్ (పుస్తకం వీపున పేరు వేసే సన్నటి పట్టీ) చూశారు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు, తర్వాత ప్రూఫు నా ముందుకు తోశారు. “ఏమండీ, ఇక్కడ ‘కదలు’ అని ఉంది. మీరు చదివే పంపారా?” అన్నారు. చూద్దును కదా, ‘థ’ కడుపులోని చుక్క సిరాలో మునిగిపోయింది, కింది గీత అక్షరానికే అతుక్కుపోయింది. తప్పు నాదో కాదో తెలుసుకునే వ్యవధి కూడా లేక నేను నోరు మెదపలేదు. పక్కనున్నాయన అందుకుని, “ఇవి ఆటబొమ్మల డబ్బాల మీద వేసే అక్షరాలండీ, పుస్తకానికి గంభీరంగా ఉండాలి,” అన్నారు. అందరూ తలలూపారు. ఇరవై ఏళ్లుగా అక్షరాలతో బతుకుతున్న నాకు గుణింతం నేర్పినంత పని చేశారు.

గంభీరం అన్న మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది. అమెరికా అక్షరశిల్పి ఓస్వాల్డ్ కూపర్ గీసిన ‘కూపర్ బ్లాక్’ అనే ఇంగ్లీషు ఫాంటు 1922లో వచ్చింది. ఆ ఉబ్బిన, అంచులు మెత్తబడిన అక్షరాలను వందేళ్లు దాటినా బోర్డుల మీదా పోస్టర్ల మీదా వాడుతూనే ఉన్నారు. పిలిచే పనికి పిలిచే గొంతు కావాలి. రెండు మూడు మాటలను దూరం నుంచి చూపించడానికి ఇలాంటి అక్షరాన్ని మించింది లేదు. పేజీల కొద్దీ చదివించడానికి మాత్రం పనికిరాదు. ఈ తేడా తెలియనివారు అట్టల మీద తీర్పు చెప్పకూడదు.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి నా ఫైలునూ ప్రూఫునూ పక్కపక్కన చూశాను. ప్రూఫులోని గీతలన్నీ నావాటికంటే లావుగా ఉన్నాయి. ముద్రణాలయానికి ఫోన్ చేస్తే అక్కడి డీటీపీ కుర్రవాడు, “స్పైన్ మీద సన్నగా అనిపించి బోల్డ్ కొట్టాను సార్,” అన్నాడు. నేను వాడిన బాలూ తమ్ముడులో ఉన్నది ఒకే ఒక్క మందం. బోల్డ్ అక్షరాలు లేని ఫాంటుకు ఆ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరానికే చుట్టూ గీత పూస్తుంది. అది బయటికే కాదు, లోపలికీ పెరిగి కడుపులోని ఖాళీని మింగేస్తుంది. అక్షరశిల్పి అయితే లావు పెంచేటప్పుడు అక్షరాన్ని వెడల్పు చేసి ఆ ఖాళీని కాపాడతాడు. తెలుగులో ద, ధ, థ మధ్య తేడా అంతా ఒక చుక్క, ఒక గీత. అవి నిండిపోతే మాటే మారిపోతుంది.

కాబట్టి పేరును కర్వ్స్‌లోకి, అంటే బోల్డ్ బటన్ పనిచేయని బొమ్మ గీతల్లోకి, మార్చకుండా ముద్రణాలయానికి పంపకండి, వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే. నా వంతు పొరపాటూ ఒకటుంది: 72 పాయింట్ల పేరుకు వాడిన మందాన్నే 14 పాయింట్ల స్పైన్‌కూ వాడాను. ఇప్పుడు స్పైన్ వరకు, అయిదు మందాలున్న ‘బాలూ తమ్ముడు 2’ నుంచి మీడియం తీసుకున్నాను. అట్ట మీద పాత లావు అక్షరమే ఉంది. దాన్ని మార్చడానికి నేను ఒప్పుకోలేదు.

నిన్న సంపాదకులుగారు ఈసారీ ముందు స్పైన్ చూసి, “కథలు,” అని పైకి చదివి సంతకం చేశారు. ఆనాటి మాట గురించి ఏమీ అనలేదు. ప్రూఫు మడిచి సంచిలో పెట్టుకునే ముందు భూతద్దంతో ఇంకోసారి చూశాను. ‘థ’ లోపల చుక్క, దాని చుట్టూ తెల్లటి ఖాళీ ఉన్నాయి.