మిగతా ఎనభై ఏడు నిమిషాలు

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "ఫుట్‌బాల్ నేర్పిన జీవిత పాఠాలు" అని శీర్షిక కూడా వాళ్ళే పెట్టేసి, రెండు పేజీలు దాటకూడదన్నారు. శీర్షిక మార్చినందుకు మన్నించాలి. జీవిత పాఠాలన్న మాట డ్రిల్లు మాస్టారి చెవిన పడి ఉంటే గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు వేయించేవారు. ఆ రౌండ్లలో వేపచెట్టు వెనక నుంచి అడ్డదారి తొక్కింది ఎవరో ఇక్కడ రాయను. ఆయన ఇప్పుడు కమిటీ కోశాధికారి.

మనం ఆడిన ఫైనల్ గురించి కూడా రాయను. అది ఆఫ్‌సైడా కాదా అన్నది గ్రూపులో ఏడాదికి రెండుసార్లు తేలుతూనే ఉంది. ఎనిమిదో తరగతి వానాకాలంలో, గ్రౌండు బురదైపోయిన రోజున, మాస్టారు నల్లబల్ల మీద చేసిన ఒక్క భాగహారం గురించే చెబుతాను. తొమ్మిదో తరగతి మొత్తంలో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ లెక్క మాత్రం సుద్దముక్క కిర్రుతో సహా గుర్తుంది.

ఆట 90 నిమిషాలు. త్రోలు, కార్నర్లు, ఫ్రీ కిక్కులు, దెబ్బ తగిలి పడుకోవడాలు తీసేస్తే బంతి నిజంగా కదిలేది ఓ 55 నుంచి 60 నిమిషాలు. మైదానంలో 22 మంది. సమానంగా పంచితే ఒక్కొక్కడి కాలికి దక్కేది మూడు నిమిషాలకు లోపే. పోనీ, మూడే అనుకుందామని ఆయన 90లోంచి 3 తీసేసి, వచ్చిన 87 చుట్టూ సున్నా చుట్టి, ఎడమ గీత పక్కన ఆడే మన లెఫ్ట్ వింగును నిలబెట్టి, ఈ ఎనభై ఏడు నిమిషాలూ ఏం చేస్తావురా అని అడిగారు. వాడు చెప్పిన జవాబు అచ్చు వేయడానికి వీల్లేదు. ఆ రోజు నుంచి వాడి పేరు ఎనభై ఏడే. పెళ్ళి శుభలేఖ మీద కూడా మనమే పెన్నుతో దిద్దాం.

తర్వాత మూడు వారాలు డమ్మీ పరుగు ఒక్కటే. బంతి రాదని తెలిసీ, వస్తుందన్నట్టు పరుగెత్తి, డిఫెండరును వెంట లాక్కుపోయి, ఇంకొకడికి చోటు ఖాళీ చేయడం. ముందు నిలబడే చోటు కుదరాలి: డిఫెండరు ఎదురుగా కాదు, వాడి భుజం వెనక. అప్పుడు బంతినీ నిన్నూ ఒకేసారి చూడలేక మెడ తిప్పుతాడు. ఆ తిప్పుడులోనే నీ అవకాశం. మొదట బంతి వైపు రెండు పొట్టి అడుగులు, వాడు నీతో కదిలాక దిశ మార్చి వెనక ఖాళీలోకి. బంతి ఉన్నవాడు దాన్ని ఇంకా అదుపు చేసుకుంటూ కిందికి చూస్తుంటే నీ పరుగు వృథా. వాడి తల పైకి లేచాకే కదలాలి. గోలు వైపు తిన్నగా దూసుకెళ్తే రెండంగల్లో, పాసు రాకముందే డిఫెన్సు వరసను దాటిపోయి ఆఫ్‌సైడ్ అవుతావు కాబట్టి, ఆ వరసకు అడ్డంగా కాస్త వంపుగా వచ్చి, పాసు కాలు వదిలాక లోపలికి తిరగాలి. ఆఫ్‌సైడ్ చూసేది బంతి తన్నిన క్షణాన, అందుకున్న క్షణాన కాదు. (ఫైనల్ గురించి రాయనన్నాను, రాయడం లేదు.)

ఇది చెడిపోయేది ఎక్కువగా అరమనసు వల్ల. డిఫెండరు పిచ్చివాడేం కాదు. నీ వేగం ముప్పావు వంతే ఉంటే వాడు ఉన్నచోటే ఆగి నీకు టాటా చెబుతాడు. పూర్తి వేగంతో, చెయ్యి చాపి, గొంతెత్తి అడుగుతూ వెళ్ళాలి. పొరపాటున బంతి నిజంగానే వస్తే గోలు కొట్టేటంత సిద్ధంగా ఉండాలి. ఇద్దరు ఒకే ఖాళీలోకి పరుగెత్తినా దండగే, ఒక్క డిఫెండరే ఇద్దరినీ కాచేస్తాడు. అన్నిటికంటే ఎక్కువ చూసే తప్పు మాత్రం డమ్మీ వేసినవాడిది కాదు, ఎవడి కోసం వేశాడో వాడిది. తొందరపడి, ఖాళీ ఏర్పడకముందే వెళ్ళి అందులో నిలబడతాడు. వాడి వెంట వాడిని కాసేవాడూ వస్తాడు, ఇక అది ఖాళీయే కాదు. అందుకే ఒకటీ, రెండూ అని లెక్కపెట్టి కదలమనేవారు మాస్టారు, అదీ పైకి. అవతలి జట్టు వినదా అని మన గోలీ అడిగితే, వింటే వాళ్ళూ నేర్చుకుంటారన్నారు.

ఆయన పుస్తకంలో గోలు కొట్టినవాడి పేరు నీలం సిరాతో, దారి ఖాళీ చేసిచ్చినవాడి పేరు ఎర్ర సిరాతో ఉండేవి. వార్షికోత్సవంలో చప్పట్లు నీలం పేర్లకే. మరుసటి ఏడాది జట్టు కట్టేటప్పుడు ఆయన ముందుగా చదివింది ఎర్రవి.

కమిటీ ఇచ్చిన చీటీలో "త్యాగం" అని కూడా ఉంది. ఆయన వాడిన మాట అది కాదు, బాకీ. వెనక వరసలో పక్కన కాచే ఫుల్‌బ్యాక్ పైకి వెళ్తే వాడి చోటు బాకీ పడ్డట్టు, దగ్గరున్న హాఫ్, అంటే మధ్య వరసవాడు, వచ్చి తీర్చాలి. బంతి పోగొట్టుకున్నాక వెనక్కి వచ్చేదీ బాకీయే. అయితే బంతి వెంట పడకూడదు. పక్కల ఆడేవాడు మన గోలు స్తంభాల్లో తనకు దగ్గరున్న దాని వైపు, మధ్యలో ఆడేవాడు పెనాల్టీ స్పాట్ వైపు, అంటే గోలుకు 11 మీటర్ల చోటికి, తిన్నగా రావాలి. బంతి వెంట పడితే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటావు. గోలు దారిలోకి వస్తే బంతే నీ దగ్గరికి రావాలి. కాళ్ళు అలిసిపోయిన చివరి ఇరవై నిమిషాల్లో ముందుగా మానేసేది ఈ పరుగునే. చాలా గోల్స్ అప్పుడు పడేది అందుకే.

ముందు వరసలో గోలు కొట్టే ఫార్వర్డును వెనక కాచే బ్యాక్‌లోకి మార్చారని మన కోశాధికారి అలిగి కూర్చున్నప్పుడు ఆయన చెప్పిన కథ కూడా గుర్తుందిగా. 1962, జకార్తా ఆసియా క్రీడలు. మన జట్టు బ్యాక్ జర్నైల్ సింగ్‌కు థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. కోచ్ రహీం సాహెబ్ అతణ్ణి ముందుకు పంపి ఫార్వర్డుగా ఆడించాడు. సెమీఫైనల్లో ఒక గోలు, దక్షిణ కొరియాతో ఫైనల్లో ఒకటి కొట్టాడు. 2-1తో స్వర్ణం మనది. మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో పోయాడు. మాస్టారు ఇంతవరకే చెప్పి, కోశాధికారి చేతిలో బ్యాక్ జెర్సీ పెట్టి వెళ్ళిపోయారు.

నేను పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళు. నా దగ్గర బూటు లేసు కట్టుకోవడంతో మొదలైన ఇద్దరు రాష్ట్ర జట్టుకు ఆడారు. ఒకమ్మాయి ఇప్పుడు తనే కోచ్, నాకంటే గట్టిగా అరుస్తుంది. నా సంచీలోనూ రెండు పెన్నులుంటాయి, ఎర్రది త్వరగా అయిపోతుంది.

ఇక సమ్మేళనం రోజు మ్యాచ్ సంగతి. బంతికి గాలి కొట్టేవాళ్ళు సూదిని తడిపి దించండి. పొడి సూది వాల్వును చీల్చేస్తుంది, పోయినసారి జరిగింది అదే. నిబంధనల్లో గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ దాకా ఉండొచ్చు, మన మోకాళ్ళకు 0.6 చాలు. పది నిమిషాలైనా నెమ్మదిగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కాకే బంతి ముట్టండి, నేరుగా షాటు కొడితే తొడ వెనక కండరం పట్టేస్తుంది. జట్టుకు ఏడుగురు, మొత్తం 30 నిమిషాలు అన్నారు కదా, లెక్క కట్టాను. బంతి 20 నిమిషాలు కదిలినా ఒక్కొక్కరికి నిమిషంన్నర రాదు. నా వాటా ఎనభై ఏడుకు రాసిచ్చేశాను. నేను కుడి గీత వెంట చెయ్యి చాపి, గట్టిగా అరుస్తూ పరుగెడతాను. ఎంత అడిగినా నాకు మాత్రం వేయకండి.