రాని మోడల్ కోసం మంచుదారిలో

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మిన్నియాపొలిస్ నుంచి థీఫ్ రివర్ ఫాల్స్ పట్టణానికి దాదాపు 300 మైళ్ల దూరం. 2025 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం, ఇంకా తెల్లవారకముందే, ట్రెయిలర్ మీద, మంచు మీద నడిచే మోటారు బండ్లైన స్నోమొబైళ్లు రెండింటిని బిగించి కట్టుకుని మేమిద్దరం బయల్దేరాము. వాటిలో ఒకటి నా మిత్రుడి ఆకుపచ్చ ఆర్కిటిక్ క్యాట్. రెండోది నాకోసం అద్దెకు తెచ్చినది, దాని కంపెనీ పేరు ఇక్కడ అక్కర లేదు. మిత్రుడు నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దవారు, ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని నేర్పినవారు, చిన్నతనం నుంచీ ఆర్కిటిక్ క్యాట్ తప్ప మరో కంపెనీ బండి కొననివారు. ఏటా చలికాలంలో ఆయన ఉత్తరాదికి వెళ్లేది బండి నడపడానికే అయినా, ఈసారి ముందు ఆ బండ్లు తయారయ్యే ఊరిని ఒకసారి చూసి రావాలని పట్టుబట్టారు.

అందుకు కారణం ఉంది. 2017లో ఆర్కిటిక్ క్యాట్‌ను కొన్న టెక్‌స్ట్రాన్ సంస్థ, అక్కడి ఉత్పత్తిని ఆపివేస్తున్నట్లు 2024 డిసెంబరులో ప్రకటించింది. ఆ వ్యాపారాన్ని అమ్ముతారా, మూస్తారా అన్నది ఎవరికీ తెలియని రోజులవి. స్నోమొబైల్ వ్యాపారపు పద్ధతి తెలిస్తే తప్ప ఆ నిశ్శబ్దం ఎంత బాధించేదో బోధపడదు. మామూలుగా చలికాలం ముగుస్తుండగానే కంపెనీలు వచ్చే ఏటి మోడళ్లను ప్రకటిస్తాయి; ఇష్టపడినవారు కొద్ది వారాల్లోనే ఇంజిన్, ట్రాక్ (బండి కింద తిరిగే పట్టా) పొడవు, రంగు ఎంచుకుని, ముందుగా కొంత సొమ్ము కట్టి ఆర్డరు పెట్టుకుంటారు; బండి చేతికి వచ్చేది మళ్లీ చలి మొదలయ్యేనాటికి. కొన్ని రకాలు ఆ వసంతకాలపు ఆర్డరులో తప్ప తర్వాత దొరకనే దొరకవు. అంటే, తాను ఒక్కసారి కూడా నడిపి చూడని యంత్రానికి, మంచు కరిగిపోతున్న సమయంలో, ఆరేడు నెలల ముందే మనిషి మాట ఇవ్వాలి. నమ్మకం లేనిదే సాగని బేరం అది. ఇతర కంపెనీలు 2026 మోడళ్ల ప్రకటనలకు సిద్ధమవుతున్న ఆ ఫిబ్రవరిలో, నమ్మడానికైనా అలగడానికైనా నా మిత్రుడి చేతిలో ఒక ప్రకటన కూడా లేదు.

దారి పొడవునా ఆయన మాటలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. 2024 మోడల్‌గా వచ్చిన క్యాటలిస్ట్ అనే కొత్త చట్రం ఆయనకు బాగా నచ్చింది. ట్రాక్‌ను తిప్పే గొలుసుపెట్టె స్థానంలో బెల్టును అమర్చి, బరువును మనిషి కూర్చునే చోటికి దగ్గరగా చేర్చిన తీరును ఆయన స్టీరింగ్ వదిలి రెండు చేతులతో వివరించబోతే, రోడ్డు చూడమని నేను రెండుసార్లు గుర్తుచేయవలసి వచ్చింది. ఆ చట్రంలో వచ్చినవి మొదట 600 సీసీ తరగతి, ఆ తర్వాత 858 సీసీ, రెండూ టూ-స్ట్రోక్ ఇంజిన్లే. ఆయనకు కావలసింది మాత్రం ఆ తేలికపాటి చట్రంలో ఫోర్-స్ట్రోక్ టర్బో. ఆ కోరిక వెనుక ఒక చిక్కుముడి ఉంది. ఇన్నాళ్లూ ఆర్కిటిక్ క్యాట్ పెద్ద బండ్లలో ఆయన మెచ్చిన 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్ యమహా తయారుచేసినది. 1968 నుంచి స్నోమొబైళ్లు చేస్తూ వచ్చిన యమహా, 2025 మోడళ్లతో ఉత్తర అమెరికాలోనూ ఈ వ్యాపారం నుంచి తప్పుకుంటామని 2023లోనే చెప్పేసింది. కాబట్టి ఆయన కలగన్న బండికి చట్రం చేసేవారు పని ఆపేశారు, ఇంజిన్ చేసేవారు సెలవు తీసుకున్నారు. ఇది విని నేను నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

థీఫ్ రివర్ ఫాల్స్ చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. తొమ్మిది వేలకు లోపు జనాభా ఉన్న ఆ ఊరికి ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే డిజికీ సంస్థ పెద్ద ఆధారం కనుక, కార్ఖానా ఆగితే ఊరే ఆగిపోతుందని నేను ఊహించుకున్న దృశ్యం అక్కడ కనబడలేదు. రోడ్ల మీద రాకపోకలు మామూలుగానే ఉన్నాయి. కార్ఖానా ముందు మాత్రం మేము బండి ఆపి పది నిమిషాలు ఊరికే కూర్చున్నాము. మిత్రుడు దిగలేదు, ఫొటో తీయలేదు. ఆ తరువాత భోజనం చేసిన చోట, పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన మా ట్రెయిలర్‌ను కిటికీలోంచి చూసి, అడగకుండానే మాట కలిపారు. ఈ కంపెనీ 1981లో దివాలా తీసినప్పుడు కూడా ఇక అయిపోయిందనే అందరూ అన్నారనీ, రెండేళ్లకు, 1983లో, ఆర్క్‌ట్కో అనే పేరుతో ఇదే ఊళ్లో మళ్లీ లేచిందనీ ఆయన చెప్పారు. నా మిత్రుడికి ఆ కథ తెలియనిది కాదు, నాకే కారులో రెండుసార్లు చెప్పారు. అయినా మొదటిసారి వింటున్నవారిలా చివరివరకూ విన్నారు.

అక్కడి నుంచి ఈశాన్యంగా రోసో పట్టణానికి సాగాము. పోటీ కంపెనీ పొలారిస్ పుట్టిల్లు అది. విచిత్రమేమిటంటే, రెండు కంపెనీలకూ మూలపురుషుడు ఒక్కరే: ఎడ్గర్ హెటీన్. రోసోలో ఆయన ఊళ్లో లేని సమయంలో భాగస్వామి డేవిడ్ జాన్సన్, ఇతర పనివారు కలిసి తొలి స్నోమొబైల్‌ను తయారుచేస్తే, తిరిగివచ్చిన హెటీన్ అంతగా సంతోషించలేదట; జీతాలకు డబ్బు కావలసి దాన్ని 465 డాలర్లకు అమ్మేశారు. తరువాత 1960లో ఆ యంత్రాల సత్తా లోకానికి చూపాలని అలాస్కాలో బెతెల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ వరకు సుమారు 1,200 మైళ్లు నడిపి వచ్చారు. సొంత ఊళ్లో ఆ సాహసానికి మెచ్చుకోలు కన్నా అసంతృప్తే ఎక్కువ ఎదురైంది. దాంతో కంపెనీ వదిలి థీఫ్ రివర్ ఫాల్స్ చేరి, ఆర్కిటిక్ క్యాట్‌గా మారిన సంస్థను మొదలుపెట్టారు. రెండు కంపెనీల అభిమానుల మధ్య ఇన్ని దశాబ్దాలుగా సాగుతున్న ఎత్తిపొడుపులన్నీ, ఆలోచిస్తే, ఒకే ఇంటి పంపకాల తగవులా తోచాయి.

శనివారం ఉదయం బెల్‌ట్రామి ఐలాండ్ అడవిలోకి దిగాము. మిన్నెసోటాలో 1976 తర్వాత పుట్టినవారు స్నోమొబైల్ నడపాలంటే భద్రతా శిక్షణ పత్రం ఉండాలి కనుక, నేను ముందే ఆ పాఠాలు చదివి పరీక్ష రాసి ఉన్నాను. పాఠం వేరు, చలి వేరు. బొటనవేలితో నొక్కే యాక్సిలరేటర్, వేడెక్కే హ్యాండిళ్లు, కిందపడితే ఇంజిన్ ఆగిపోయేలా కోటుకు తగిలించుకున్న తాడు, వీటన్నిటికీ అలవాటు పడడానికి గంట పట్టింది. ఆ తరువాత, పైన్ చెట్ల మధ్య చదును చేసిన దారిలో, హెల్మెట్ లోపల నా ఊపిరి చప్పుడు నాకే వినిపిస్తూ సాగిన పది మైళ్లు నేను మరచిపోలేనివి. రాష్ట్రంలో 22,000 మైళ్లకు పైగా ఉన్న ఇలాంటి దారుల్లో చాలావాటిని ఊరూరా ఉండే క్లబ్బుల సభ్యులే చదును చేసి కాపాడుతున్నారని తెలిశాక, ఎదురుగా వచ్చిన ప్రతి బండికీ నేను చేయెత్తాను.

మధ్యాహ్నానికి, మంచు పలచబడి గట్టి గడ్డ తేలిన ఒక రహదారి మీద, నా బండి వేడెక్కుతున్నట్లు హెచ్చరిక దీపం వెలిగింది. ట్రాక్ చిమ్మే పొడి మంచు పైన ఉండే రేకులకు తగిలితేనే ఈ ఇంజిన్లు చల్లబడతాయి. గడ్డను గీరి మంచు పొడి లేపే ఉక్కు కొక్కేలను మిత్రుడు తమ బండికి ఎప్పుడో దించుకున్నారు. నేను దించుకోవాలని మరచాను. అది సర్దుకున్న అరగంటకు, ఇంజిన్ శక్తిని ట్రాక్ వైపు అందించే బెల్టు తెగింది. అద్దె బండిలో ఉండవలసిన అదనపు బెల్టు లేదు. ఆయన దగ్గరున్నది దీనికి పట్టదు. అటుగా వచ్చిన నలుగురు సవారులలో ఒకరు, మరో కంపెనీ జాకెట్ వేసుకున్నవారు, తమ సామానులోంచి సరిపడే బెల్టు తీసి ఇచ్చి, డబ్బు తీసుకోలేదు. చేతొడుగు తీసి క్లచ్ దగ్గర వేలు పెట్టిన రెండు నిమిషాలకే నా వేళ్లు నావి కాకుండా పోయాయి.

దారిలో చలికాచుకునే చిన్న గదిలో మేమంతా కలిసి కూర్చున్నప్పుడు అసలు చర్చ మొదలైంది. ఆ యాత్రలో నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ ముప్పావు గంటలోనే. వారిలో చిన్నవాడు కొత్త స్టిక్కర్లు, కొత్త రంగులు అతికించి కొత్త మోడల్ అని అమ్మే అలవాటు ఈ పరిశ్రమ అంతటా ఉందని వాపోయాడు. ఇంకొకరికి మోడళ్లకన్నా విడిభాగాల భయమే ఎక్కువ: కార్ఖానా ఆగిపోతే ఐదేళ్ల తర్వాత పిస్టన్ ఎవరిస్తారని. బెల్టు ఇచ్చినాయన మాత్రం నేను ఎదురుచూడని మాట అన్నారు. యమహా పోయి, ఆర్కిటిక్ క్యాట్ కూడా పోతే, మిగిలేవి పొలారిస్ ఒకటి, స్కీ-డూ, లింక్స్ పేర్లతో అమ్మే బీఆర్‌పీ ఒకటి. ఇద్దరే మిగిలిన బజారులో తన కంపెనీ తనకు మంచి బండి చేయవలసిన అవసరమేమిటి అన్నారు. నా మిత్రుడు అంతసేపూ మౌనంగా ఉండి, చివరకు, తనకు కోపం ఉత్పత్తి ఆపినందుకు కాదనీ, ఏళ్ల తరబడి ఎదురుచూసిన క్యాటలిస్ట్ తీరా వచ్చి పుంజుకునే వేళ ఆపినందుకనీ అన్నారు. ఆ మాటలో నాకు కొంత అన్యాయం కనిపించింది. అమ్ముడుపోని బండ్లు డీలర్ల దగ్గర పేరుకుంటే ఏ యజమానీ ఊరుకోడు. ఆ గదిలో ఆ మాట అనే ధైర్యం నాకు లేకపోయింది.

తిరుగు ప్రయాణంలో, పోటీ కంపెనీల ప్రకటనలు రాగానే చూసి ఆర్డరు పెడతారా అని అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చూడడం చూస్తానన్నారు, అంతే.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. గతంలో ఆర్కిటిక్ క్యాట్‌లోనే పనిచేసిన బ్రాడ్ డార్లింగ్ నాయకత్వంలోని బృందం కంపెనీని టెక్‌స్ట్రాన్ నుంచి కొన్నదన్న వార్తను మొదటి నుంచి చివరివరకు చదివి వినిపించారు. ఫోర్-స్ట్రోక్ గురించి అందులో ఏమైనా ఉందా అని అడిగాను. లేదన్నారు. ట్రెయిలర్‌కు కొత్త టైర్లు వేయించాననీ, ఈసారి నా బండికి అదనపు బెల్టు తానే కొని పెడతాననీ చెప్పి ఫోన్ పెట్టేశారు.