నవగావ్ ఒడ్డున పేర్లు లేని సమాధులు

నవగావ్‌లో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. ముంబైకి దక్షిణాన ఉన్న అలీబాగ్ నుంచి ఆటోలో ఉత్తరంగా వెళ్తే కొబ్బరి, పోక తోటలు, సముద్రం వైపు నుంచి ఎండుచేపల వాసన, ఆ తర్వాత ఓ శ్మశానం. బెనె ఇజ్రాయెల్ అనే మరాఠీ యూదులు తమ కథంతా ఇక్కడే మొదలైందంటారు. ఎప్పుడో ఓ ఓడ ఈ తీరంలో బద్దలైందట. ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ప్రాణాలతో ఒడ్డెక్కారు. కొట్టుకొచ్చిన శవాల్ని ఇక్కడే పాతిపెట్టారు, మగవాళ్లని ఒకచోట, ఆడవాళ్లని ఒకచోట. ఇప్పుడక్కడ స్మారక స్తంభం ఉంది. పాత సమాధుల మీద మాత్రం ఎంత వెతికినా ఒక్క అక్షరం కనబడలేదు.

ఎప్పుడు వచ్చారంటే ఎక్కువగా వినిపించేది క్రీ.పూ. 175. సిరియాని ఏలిన గ్రీకు రాజు ఆంటియోకస్ యూదుల మీద పడ్డ కాలంలో గలిలయ నుంచి పారిపోయి వచ్చారని. అంతకంటే వెనక్కి వెళ్లి, అసిరియన్లు చెరపట్టాక జాడ లేకుండా పోయిన పది ఇశ్రాయేలు గోత్రాల్లో వీళ్లూ ఉన్నారనేవాళ్లూ ఉన్నారు. దక్షిణాన చౌల్ దాకా వెళ్తే కథలో ఓడ భాగం నమ్మడం తేలికవుతుంది. ఇప్పుడది నిద్రపోతున్న పల్లెలా ఉంది కానీ, మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల రాతల్లోనే ఆ రేవు పేరుంది. పదో శతాబ్దంలో అరబ్ యాత్రికుడు అల్ మసూదీ అక్కడికి వచ్చాడు. అన్ని ఓడలు తిరిగే తీరంలో ఒకటి మునగడం వింతేమీ కాదు.

ఏడు జంటల దగ్గరే నాకు అనుమానం. ఇదే కొంకణ్ తీరంలో చిత్‌పావన్ బ్రాహ్మణుల పుట్టుక కథలోనూ సముద్రం ఒడ్డుకు చేర్చిన పద్నాలుగు శవాలున్నాయి, పరశురాముడు వాటికి ప్రాణం పోస్తాడు. ఎవరి కథ ఎవరికి అంటుకుందో తేల్చడం కష్టం.

ఒడ్డెక్కినవాళ్ల పుస్తకాలన్నీ సముద్రం పాలయ్యాయి. 'ఇశ్రాయేలూ వినుము' అనే ప్రార్థన మాత్రం నోటికి మిగిలింది. సున్తీ, కొన్ని ఉపవాసాలు, శనివారం సెలవు వదల్లేదు. బతుకుతెరువు గానుగ. కొబ్బరి, నువ్వుల నూనె తీసి ఊళ్లకు అమ్మేవాళ్లు. శనివారం గానుగ తిరిగేది కాదు కాబట్టి ఊరివాళ్లు పెట్టిన పేరు శనివార్ తేలీ, అంటే శనివారపు గానుగవాళ్లు. ఇంటిపేర్లు మనలో చాలామందికి ఉన్నట్టే ఊళ్ల మీదివి: పెణ్‌కర్, కిహీమ్‌కర్, రోహేకర్, నవగావ్‌కర్. అలీబాగ్‌లో ఇజ్రాయెల్ ఆళీ అనే వీధిలో మాగెన్ అబోత్ సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఉంది. ఇప్పటి కట్టడం 1910 నాటిది. లోపల చల్లగా ఉంది, మధ్యలో ప్రార్థన చదివే వేదిక, చుట్టూ బెంచీలు. చూపించిన పెద్దాయన నాతో హిందీలో, పక్కింటివాళ్లతో మరాఠీలో మాట్లాడుతూ మధ్యమధ్యలో మనవరాలికి హీబ్రూలో వాయిస్ మెసేజ్ పెడుతున్నాడు.

వీళ్లు యూదులని ఎలా తెలిసిందన్నదానికి ఇంకో కథ. డేవిడ్ రహాబీ అనే ఆయన వచ్చి, ఆడవాళ్ల ముందు రకరకాల చేపలు పోయించాడట. రెక్కలూ పొలుసులూ ఉన్నవి ఏరుకుని మిగతావి పక్కన పడేశారు. యూదు ధర్మంలో తినదగ్గ చేపకి గుర్తులు అవే. ఆయనది వెయ్యేళ్ల కిందటి మాట అని వీళ్లంటారు, కొచ్చిలో 18వ శతాబ్దపు రహాబీ కుటుంబీకుడని కొందరు చరిత్రకారులంటారు.

2016లో వచ్చిన జన్యు అధ్యయనం ఈ కథల్ని కొంత నిలబెట్టి, కొంత కదిలించింది. బెనె ఇజ్రాయెల్‌లో మధ్యప్రాచ్యపు యూదుల అంశా ఉంది, స్థానికుల అంశా ఉంది. యూదు అంశ ఎక్కువగా తండ్రుల వైపు నుంచి, స్థానిక అంశ తల్లుల వైపు నుంచి వచ్చింది. అంటే ఏడుగురు ఆడవాళ్ల లెక్క గట్టిగా నిలవదు. ఆ కలయిక జరిగింది సుమారు 650 నుంచి 1,050 ఏళ్ల కిందట అని తేల్చారు. దీన్ని పట్టుకుని 'వెయ్యేళ్ల కిందటే వచ్చారు' అని రాసేసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. అది కలిసిన కాలం, దిగిన కాలం కాదు.

రుజువు అడగడం వీళ్లకి కొత్త కాదు. 1948లో దాదాపు 20 వేల మంది ఉండేవాళ్లు, తర్వాత ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లారు. అక్కడ మత పెద్దలు పెళ్లిళ్ల విషయంలో వీళ్ల పూర్వీకుల్ని ఆరా తీయాలన్నారు. జెరూసలేంలో ధర్నాలు చేశాక, 1964లో అన్ని విధాలా యూదులేనని ఒప్పుకున్నారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తాము ఆ పది గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకునే మాదిగ కుటుంబాలున్నాయి. వాళ్లకి ఆ ఒప్పుకోలు ఇంకా దక్కలేదు.

చివరగా ఖండాలా వెళ్లాను. లోనావళా పక్కది కాదు, అలీబాగ్ దగ్గరి చిన్న ఊరు. అక్కడ ఓ బండ మీద గుర్తులున్నాయి. ప్రవక్త ఏలీయా రథం దిగిన చోటని, అవి చక్రం, గుర్రపు డెక్కల జాడలని నమ్మకం. ముంబైలో స్థిరపడ్డ కుటుంబాలు మొక్కు తీర్చుకోడానికి ఇక్కడికి వస్తాయి, ఏలీయా పేరున మలీదా పెడతాయి. ఆ రోజు వచ్చిన ఓ కుటుంబం నాకూ విస్తరి ఇచ్చింది: తడిపిన అటుకుల్లో పచ్చికొబ్బరి, చక్కెర, ఏలకులు, పైన పళ్ల ముక్కలు. ప్రపంచంలో మిగతా యూదులకి ఈ మొక్కు తెలియదు. వీళ్ల వంశం ఎక్కడిదన్న ప్రశ్నకి కొంకణ్ వైపు జవాబు ఆ విస్తరిలోనే ఉందనిపించింది. రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాను.

వెళ్లాలనుకుంటే ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా నుంచి మాండ్వాకి బోటు, అక్కడ్నుంచి అలీబాగ్‌కి బస్సు. వానాకాలంలో ఆ బోట్లు ఆపేస్తారు. శనివారం పెట్టుకోకండి, సినగాగ్‌లో చూపించేవాళ్లు దొరకరు.