ఎడిన్‌బరాలో అగ్గిపెట్టెల దాకా ఒక నడక

యంత్రాల ఆలోచన గురించి చదువుకున్నవాళ్లు ఎడిన్‌బరాలో చూడదగినవన్నీ రెండు కిలోమీటర్ల లోపే ఉన్నాయి. కోట వైపు వెళ్లే జనాన్ని వదిలేసి, రాయల్ మైల్ మీద హైకోర్టు ముందున్న తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ విగ్రహం దగ్గర నడక మొదలుపెట్టాను. అదృష్టం కలిసొస్తుందని వచ్చేపోయేవాళ్లు తాకి తాకి ఆయన కాలి బొటనవేలు ఒక్కటే బంగారంలా మెరుస్తోంది. 1711లో ఈ ఊళ్లోనే పుట్టిన హ్యూమ్, రేపు కూడా పొద్దు పొడుస్తుందన్న మన నమ్మకం తర్కంలోంచి వచ్చింది కాదన్నాడు. ఇన్నాళ్లూ పొడిచింది కాబట్టి రేపూ పొడుస్తుందనుకుంటాం. అది అలవాటు. ఈ మాట నడక చివరిదాకా వెంట వచ్చింది.

అక్కణ్నుంచి సౌత్ బ్రిడ్జ్. 2002 డిసెంబరు 7న కింద కౌగేట్‌లో రేగిన మంటలు పైకి పాకి, ఇక్కడున్న విశ్వవిద్యాలయం వారి కృత్రిమ మేధ గ్రంథాలయాన్ని కాల్చేశాయి. పాత పరిశోధన నివేదికలు ఎన్నో ఆ ఒక్క రాత్రిలో పోయాయి. నిలబడి చూడటానికి ఇప్పుడక్కడ ఏమీ లేదు.

ఛాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంకి ప్రవేశ రుసుము లేదు. ఫ్రెడ్డీ అనే రోబో ఉన్నది ఇక్కడే. దాన్ని చూసేటప్పుడు ముందు చెయ్యిని గమనించాలి. అది పైనుంచి కిందికి వేలాడుతుంది, లేస్తుంది, దిగుతుంది, తిరుగుతుంది. పక్కలకి మాత్రం జరగదు. దాని కింద ఉన్న బల్లే అటూ ఇటూ జరుగుతుంది. వేళ్లకి బదులు రెండు పలకలు, వాటి మధ్య వస్తువుని నొక్కి పట్టుకుంటుంది. చూడటానికి కెమెరాలు. 1973 నాటికి దీనిచేత చేయించిన పని ఇదీ: బొమ్మ కారువీ, బొమ్మ పడవవీ కొయ్య ముక్కలు కలిపి కుప్పగా పోస్తారు, అది ఏరుకుని రెండూ బిగించాలి.

కుప్పలో విడిగా పడున్న ముక్క అంచుల్ని కెమెరాతో చూసి, అంతకుముందు నేర్పిన ఆకారాలతో పోల్చుకుంటుంది. పోలిక దొరికితే తీసి ఒక పక్కన, తనకి గుర్తున్న చోట పెడుతుంది. ముక్కలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటే అంచులు కలిసిపోయి పోలిక కుదరదు. అప్పుడు బయటికి పొడుచుకొచ్చిన కొసని పట్టి లాగుతుంది. అదీ కుదరకపోతే చేత్తో కుప్పని నాగలితో దున్నినట్టు చీల్చి, మళ్లీ మొదటినుంచి చూస్తుంది. బిగించేటప్పుడు ఇక చూపు కాదు, స్పర్శ. పుల్లని రంధ్రంలోకి దించాలంటే గురి ఒక వెంట్రుకవాసి తప్పినా అడ్డుపడుతుంది. అడ్డు తగిలిందని తెలియగానే అక్కడే సుడి తిరుగుతున్నట్టు కొంచెం కొంచెం జరుగుతూ, పుల్ల దిగేదాకా వెతుకుతుంది. రోబో ఆలోచన అంటే నా దృష్టిలో ఇదే. చేసిన ప్రతి పనీ తప్పిపోయి ఉండొచ్చని ముందే అనుకుని, తప్పిందో లేదో తడిమి చూసుకోవడం. అదే 1973లో గణితవేత్త లైట్‌హిల్ ఇచ్చిన నివేదిక కృత్రిమ మేధ రంగాన్ని తీవ్రంగా విమర్శించింది, బ్రిటన్‌లో పరిశోధనకి డబ్బు తగ్గిపోయింది. సమస్య కొంచెం పెద్దదైతే చూడాల్సిన దారులు విపరీతంగా పెరిగిపోతాయన్నది అందులోని అసలు అభ్యంతరం. నిజమైన అభ్యంతరమే.

మ్యూజియం వెనక ఫారెస్ట్ హిల్ అనే చిన్న వీధి. కృత్రిమ మేధ విభాగం చాలాకాలం ఇక్కడ 5వ నంబరు భవనంలో నడిచింది. ఈ విశ్వవిద్యాలయంలోనే రాబర్ట్ కొవాల్స్కీ తర్కాన్నే ప్రోగ్రాముగా వాడొచ్చని చూపాడు. ఆ పద్ధతిలో మార్సెయ్‌లో పుట్టిన ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాషకి డేవిడ్ వారెన్ 1977లో వేగంగా నడిచే కంపైలర్ (ప్రోగ్రాముని యంత్రం భాషలోకి మార్చేది) రాశాడు. ప్రోలాగ్‌కి రఘువు కొడుకు అజుడు, అజుడి కొడుకు దశరథుడు, దశరథుడి కొడుకు రాముడు అని చెప్పి, పూర్వీకుడంటే తండ్రి, లేదా తండ్రికి పూర్వీకుడు అని నియమం రాస్తే, రఘువు రాముడికి పూర్వీకుడా అన్న ప్రశ్నకి అవునంటుంది. కొత్తవాళ్లు పడే గోతులు రెండు. నియమంలో కొడుకు సంగతి ముందు అడక్కుండా, పూర్వీకుడి సంగతే ముందు అడిగేలా రాస్తే, అది తన ప్రశ్నని తననే అడుగుతూ మెమరీ అయిపోయేదాకా దిగిపోతూనే ఉంటుంది. తర్కం ప్రకారం ఏది ముందు అడిగినా ఒకటే, యంత్రానికి కాదు. రెండోది: లక్ష్మణుడు దశరథుడి కొడుకా అని అడిగితే కాదంటుంది, ఎందుకంటే మనం రాయలేదు. రుజువు దొరకకపోవడమూ అబద్ధం కావడమూ దానికి ఒకటే. మనిషి అయితే తెలియదంటాడు.

పాటర్‌రో వైపు వెళ్తే ఇన్ఫర్మాటిక్స్ ఫోరం, దాన్ని ఆనుకుని 2018లో తెరిచిన బేయస్ సెంటర్. 1719లో తర్కం, వేదాంతం చదువుకోవడానికి ఈ విశ్వవిద్యాలయంలో చేరిన థామస్ బేయస్ పేరు పెట్టారు. కొత్త ఆధారం దొరికినప్పుడు నమ్మకాన్ని ఎంత మార్చుకోవాలో లెక్క చెప్పింది ఆయనే. ఆ వ్యాసం ఆయన పోయాక, 1763లో అచ్చయింది.

జార్జ్ స్క్వేర్ దాటి, మెడోస్ పచ్చిక అంచున సందులోకి తిరిగితే హోప్ పార్క్ స్క్వేర్. 1963లో డోనాల్డ్ మిచీ అనే పరిశోధకుడు చిన్న బృందంతో కృత్రిమ మేధ మీద పని మొదలుపెట్టింది ఇక్కడ, 4వ నంబరులో. అప్పటికి ఆయన శస్త్రచికిత్స విభాగంలో రీడర్. అంతకు రెండేళ్ల ముందు, కంప్యూటర్ అందుబాటులో లేక, అగ్గిపెట్టెలతో సున్నా-ఇంటూ ఆట నేర్చుకునే యంత్రం చేశాడు. నేను ఇంత దూరం నడిచింది దీనికోసమే.

మొదట ఆడేవాడి ముందుకి రాగల స్థితి ఒక్కోదానికీ ఒక పెట్టె. తిప్పినా, అద్దంలో చూసినా ఒకటేగా ఉండేవాటిని కలిపేస్తే మొదటి ఎత్తుకి 1, రెండో ఎత్తుకి 12, మూడో ఎత్తుకి 108, నాలుగో ఎత్తుకి 183: మొత్తం 304. ఐదో ఎత్తుకి ఒక్క గడే మిగులుతుంది కాబట్టి పెట్టె అక్కర్లేదు. గడికో రంగు పూస. మొదటి పెట్టెలో ఒక్కో ఎత్తుకి 4 పూసలు, తర్వాతి వరసల్లో 3, 2, 1. పెట్టెని కుదిపి వంచితే, అరలో వి ఆకారంలో పెట్టిన అట్ట మూలకి ఒక పూస జారుతుంది. ఆ రంగు గడిలో ఆడాలి. గెలిస్తే ఆ ఆటలో వాడిన ప్రతి పెట్టెలోనూ అదే రంగువి 3 కలపాలి, సమమైతే 1, ఓడితే ఆ పూసని తీసేయాలి.

తప్పులు మనిషి దగ్గరే జరుగుతాయి. బోర్డు పెట్టె మీది బొమ్మకి తిరగేసి ఉంటే మనం తిప్పి చదువుకోవాలి. అక్కడ పొరబడితే యంత్రం ఆడని ఎత్తుకి బహుమతి పడుతుంది. అందుకే వాడిన అరల్ని ఆట అయ్యేదాకా తెరిచే ఉంచాలి, జారిన పూసని ఎదురుగానే ఉంచుకోవాలి. ఓటమిలో మొదటి ఎత్తు తప్పు లేకపోయినా దానికీ శిక్ష పడుతుంది కాబట్టే మొదటి పెట్టెల్లో పూసలు ఎక్కువ. లేకపోతే అవి కొన్ని ఓటములకే ఖాళీ అవుతాయి, ఖాళీ పెట్టె దగ్గర యంత్రం ఆట వదులుకుంటుంది. మిచీ స్వయంగా విడతకి ఎనిమిది గంటల చొప్పున రెండు విడతల్లో, మొత్తం 220 ఆటలు దీనితో ఆడాడు. హ్యూమ్ చెప్పిన అలవాటు ఇక్కడ పూసల్లో లెక్కపెట్టుకోవచ్చు.

ఇంట్లో చేయాలనుకునేవాళ్లకి 304 పెట్టెలు ఎక్కువే. గణిత వినోదాల రచయిత మార్టిన్ గార్డ్‌నర్ 1962లో రాసిన హెక్సాపాన్ అనే ఆటకి 24 చాలు. 3×3 బోర్డు, చెరో మూడు బంట్లు. బంటు ముందుకి ఒక గడి జరుగుతుంది, ఐమూలగా చంపుతుంది. అవతలి అంచు చేరినా, ఎదుటివాడి బంట్లన్నీ పోయినా, వాడికి కదిలే వీలు లేకపోయినా గెలుపే. యంత్రాన్ని రెండో ఆటగాడిగా పెట్టండి, తప్పు లేకుండా ఆడితే గెలిచేది అతనే. ఓడినప్పుడు చివరి పూస ఒక్కటి తీసేస్తే చాలు.