కొర్రమట్ట ఊపిరి చూసి రబ్బరు కప్ప వేయాలి

ఈ మధ్య నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు లూర్లతో, అంటే చేపను మోసం చేసే ఉత్తుత్తి ఎరలతో, చేపలు పట్టాలని సరదా పడే కుర్రాళ్లు బాగా పెరిగారు. కలిసిన ప్రతివాడూ అడిగేది ఒకటే: "అన్నా, ఏ లూర్ కొనాలె?" దానికి నా దగ్గరున్న జవాబు ఎవరికీ నచ్చదు. ముందు ఏదీ కొనకు, పొద్దున్నే మీ ఊరి చెరువు కట్ట మీద ఓ గంట ఊరికే కూర్చో, కొర్రమట్ట (కొర్రమీను) ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుంటుందో చూసిరా, ఆ తర్వాత మాట్లాడుకుందాం అంటాను.

వీళ్లలో సగం మంది యూట్యూబ్‌లో ఆస్ట్రేలియా వాళ్ల బ్రీమ్ వేట చూసి వచ్చినవాళ్లే. ఆ వేట చూడ్డానికి బాగుంటుంది, కాదనను. నది సముద్రంలో కలిసే చోట, మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే మొగలో, పోటు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నీళ్ల కదలిక చూసుకుని, ఆల్చిప్పలు పట్టిన గుంజల పక్కన వేలెడంత లూర్ పడేస్తారు. బ్రీమ్ మహా అనుమానపు చేప, దారం కాస్త లావుగా కనబడితే దగ్గరికి రాదు, అందుకే వాళ్లు నాలుగు నుంచి ఆరు పౌండ్ల బరువు ఆపే సన్నటి దారం, తేలికపాటి రాడ్ వాడతారు. అదే సామాను ఆన్‌లైన్లో తెప్పించుకుని మన తుంగలో, గుర్రపుడెక్కలో వేస్తే ఏమవుతుంది? మొదటి లాగుడికి లూర్ తీగలకు తట్టుకుంటుంది, రెండో లాగుడికి దారం తెగుతుంది, పైసలు పోతాయి. ఒకవేళ కొర్రమట్ట పడినా అది నేరుగా తామర తీగల్లోకి దూరి మెలి తిరుగుతుంది, ఆ దారంతో దాన్ని బయటికి తేవడం అయ్యే పని కాదు. మనకు కావలసింది దానికి పూర్తి ఉల్టా. ఆరున్నర నుంచి ఏడు అడుగుల గట్టి రాడ్, దాని మీద మీడియం హెవీ అని రాసి ఉంటుంది, 30 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన) దారం. కొర్రమట్ట దారాన్ని చూసి జంకే రకం కాదు.

అయితే ఆ వీడియోల నుంచి తీసుకోవాల్సింది ఒకటుంది, దాన్నే మనవాళ్లు వదిలేస్తున్నారు. వాళ్లు లూర్ పెట్టె తెరవకముందే నీళ్లను చూస్తారు. మన చెరువుల్లో పోటూ లేదు, పాటూ లేదు. ఇక్కడ చేప జాడ చెప్పేది దాని ఊపిరే.

కొర్రమట్ట ఒట్టి మొప్పలతో బతకలేదు. తలలో మొప్పలకు పైన గాలి నిలవ ఉండే ఖాళీలు ఉంటాయి, మధ్యమధ్యలో పైకి వచ్చి నోటితో గాలి అందుకుని పోవాల్సిందే. పైకి రాకుండా అడ్డుకుంటే నీళ్లలో ఉండే చేప నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. ఎండలు ముదిరి నీళ్లు వేడెక్కితే, నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే, ఇంకా ఎక్కువసార్లు పైకి వస్తుంది. చెరువు ఎండి బురద మిగిలినా ఆ తడిలో దూరి బతికేది, బజార్లో టబ్బు అడుగున నాలుగు చెంబుల నీళ్లలో పొద్దుపోయేదాకా కదులుతూ ఉండేది ఈ గుణం వల్లే. మిరుగం (మృగశిర కార్తె) రోజు హైదరాబాద్‌లో చేప మందుతో పాటు మింగించేది కూడా బతికున్న కొర్రమీను పిల్లనే. తెలంగాణ వచ్చాక దీన్నే రాష్ట్ర చేపగా పెట్టుకున్నాం. మనకు పనికొచ్చే సంగతి మాత్రం ఇది: ఎంత తెలివైన కొర్రమట్ట అయినా తాను ఎక్కడుందో గంటలో కొన్నిసార్లు చెప్పక తప్పదు.

చెప్పడం అంటే బోర్డు పెట్టి చెప్పదు. రవ్వ చేప ఎగిరితే చప్పుడు పెద్దగా ఉంటుంది, నీళ్లు చెదురుతాయి, కొత్తవాళ్లు అటే పరుగెత్తి లూర్ వేస్తారు, దండగ. తిలాపియా అయితే ఒడ్డు పక్కన గడ్డి మొదళ్లలో చప్పరిస్తూ తిరుగుతుంది. కొర్రమట్ట ఊపిరి వేరు. నీళ్లు కొంచెం ఉబ్బినట్టవుతాయి, గుబుక్కున చిన్న చప్పుడు, ఒక గుండ్రటి వలయం, వెనకే నాలుగైదు బుడగలు, అంతే. గాలి లేని పొద్దున అయితే దూరం నుంచి కూడా తెలుస్తుంది, గాలి లేచి అలలు మొదలైతే ఇక చెవుల మీదే ఆధారపడాలి. ఒకే చేప కాసేపటి తర్వాత మళ్లీ ఆ చుట్టుపక్కలే లేస్తుంది. రెండు మూడు సార్లు చూస్తే అది ఎటు నుంచి ఎటు తిరుగుతుందో ఒక లెక్క దొరుకుతుంది. ఎక్కువగా ఇవి తామరాకుల అంచున, తుంగకూ తేట నీళ్లకూ మధ్య సందులో, తూము దగ్గర రాళ్ల పక్కన, శిఖం భూముల్లోకి (చెరువు నిండితే మునిగే భూములు) నీళ్లు కొత్తగా ఎక్కిన చోట తగులుతాయి. మోకాలి లోతు నీళ్లలో కూడా మూడు కిలోల చేప ఉంటుందంటే మొదట్లో నమ్మబుద్ధి కాదు.

వలయం కనబడగానే దాని నడినెత్తిన కప్ప (మన లూర్ ఇదే, రబ్బరు కప్ప) వేయకూడదు. చేప బెదురుతుంది. వలయానికి ఒకటి రెండు గజాలు అవతల వేసి, ఆకుల మీది నుంచి పాకిస్తూ ఇవతలికి తేవాలి, ఆకు అంచు దాటి నీళ్లలోకి జారగానే ఆపాలి. ఆపడం అందరికీ కష్టం, చేతులు ఊరుకోవు. చాలాసార్లు ఆ ఆగిన క్షణంలోనే నీళ్లు పగులుతాయి. అప్పుడు వెంటనే రాడ్ గుంజితే కప్ప గాల్లోకి ఎగిరి మీ మొహం మీదికే వస్తుంది, ఎందుకంటే కొర్రమట్ట కప్పను నోట కరుచుకుని కిందికి తీసుకుపోయాకే సరిగ్గా మింగుతుంది. రాడ్ కొన కిందికి దించి, దారం బిగిసి చేతికి బరువు తెలిసిందాకా ఆగి, అప్పుడు బలంగా పైకి లేపాలి. దాని నోరు లోపలంతా ఎముక, పళ్లు. మెల్లగా గుంజితే గాలం దిగదు. దిగాక ఇక మొహమాటం వద్దు, తీగల్లోకి తల దూర్చకముందే ఒడ్డుకు లాగేయాలి. నోట్లో చేయి పెట్టకుండా కటింగ్ ప్లేయర్‌తో గాలం తీయండి.

ఇక ఈ రబ్బరు కప్పల సంగతి. బోలుగా, మెత్తగా ఉండే రబ్బరు కప్ప, వీపుకు రెండు వైపులా గాలం మొనలు ఆనుకుని ఉంటాయి, చేప కొరికితే ఒళ్లు నొక్కుకుపోయి మొనలు బయటికొస్తాయి. ఆకులకు తట్టుకోకపోవడానికి కారణం అదే. అయిదారు సెంటీమీటర్ల సైజు మన చెరువులకు చాలు. కొత్త కప్ప ఒళ్లు గట్టిగా ఉంటే వేడినీళ్లలో కాసేపు నానబెట్టి మెత్తబరచండి. మొనలను ప్లేయర్‌తో కొద్దిగా, చాలా కొద్దిగా, పైకి వంచితే గాలం బాగా దిగుతుంది. ఎక్కువ వంచితే ప్రతి ఆకునూ పట్టుకుంటుంది. వెనక కాళ్ల దారాలు పొడవు ఎక్కువైతే చేప వాటినే పట్టుకుని వదిలేస్తుంది, కాస్త కత్తిరించేయండి. కడుపులో నీళ్లు చేరితే మునిగిపోతుంది, అప్పుడప్పుడు పిండుతూ ఉండాలి. రంగుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నలుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి ఉంటే సరిపోతుంది, మిగతా రంగులన్నీ కొనేవాళ్ల కోసం చేసినవే.

ఇదేదో కొత్త విద్య అనుకునేవాళ్లకు ఒక మాట. మా వైపు పెద్దవాళ్లు పొడవాటి వెదురుకు గట్టి దారం కట్టి, బతికున్న చిన్న కప్పను గాలానికి గుచ్చి, తామరాకుల మధ్య సందుల్లో టపటపా ఆడించి కొర్రమట్టలు పట్టినవాళ్లే. రీలు లేదు, లూరు లేదు, పద్ధతి మాత్రం ఇదే. మొదట్లో నా రబ్బరు కప్పను చూసి మా ఊళ్లో ఒక తాత పగలబడి నవ్వాడు.

"ఏందిరా బిడ్డా, రబ్బరు కప్పను చాప తింటదా?"

"తింటది తాతా, ఊపిరి దిక్కు చూసి ఏస్తే తింటది."

"అట్లయితే కప్పదేముంది, చెప్పు ముక్క ఏసినా తింటది" అన్నాడు. నాకు ఇంతవరకు దీనికి మించిన లూర్ రివ్యూ కనబడలేదు.

ఇప్పుడు వానాకాలం సంగతి. వానలు పడి చెరువుల్లోకి కొత్త నీళ్లు వచ్చాక కొర్రమట్టలు గుడ్లు పెడతాయి. పిల్లలు ఎర్రటి చారతో గుంపుగా తిరుగుతాయి, గుంపంతా ఒకేసారి గాలికి పైకి వస్తే ఆ చోట నీళ్లు ఎసరు తెర్లినట్టు కుతకుతలాడతాయి. కిందనే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద కప్ప వేస్తే దాదాపు ఖాయంగా పడుతుంది, ఎందుకంటే అది ఆకలితో కాదు, పిల్లల దగ్గరికి వచ్చినదాన్ని తరమడానికి కొడుతుంది. ఆ వీడియోలకు లైకులు ఎక్కువ అని అదే పనిగా పట్టేవాళ్లున్నారు. నాకు అది వేట అనిపించదు. కాపలా పోయిన పిల్లలను మిగతా చేపలూ కొంగలూ మిగలనివ్వవు. ఒక్క చేప ఫొటో కోసం ఒక గుంపు పోతుంది. కుతకుతలాడే చోటు కనబడితే పక్కకు జరగండి, చెరువు పెద్దదే.

నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్ (డ్యామ్ వెనక నిలిచే నీళ్లు) గురించి కూడా అడుగుతున్నారు. విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకారులు స్థిరపడ్డ వైజాగ్ కాలనీ దగ్గర చేపల వేపుడు తిని, అక్కడే రాడ్ తీసి రబ్బరు కప్ప విసరాలని చాలామందికి ఉంటుంది. వేపుడు తినండి, కప్ప మాత్రం ఇంట్లో పెట్టి రండి. అది తామర చెరువు కాదు. 590 అడుగుల నిండు మట్టం నుంచి 510 దాకా నీళ్లు దిగే జలాశయం, ఒడ్డు ఈ నెల ఉన్నచోట వచ్చే నెల ఉండదు, గడ్డి నిలవదు, రాళ్లూ లోతూ ఎక్కువ. అక్కడ వాలుగ చేపకు మునిగే లూర్లు కావాలి, ఆ కథ వేరే. ఎగువన అడవి ఒడ్డు కొంత అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తుంది, అటు వెళ్లొద్దు. మక్తల్, జూరాల వైపు కృష్ణలో మొసళ్లున్నాయి, నడుము లోతు దిగి విసరడం లాంటి వేషాలు అసలే వద్దు. కొర్రమట్ట కావాలంటే ఊరి చెరువులు, కుంటలు, డిండి జలాశయం లాంటి చోట నీళ్లు పలచబడే వెనక భాగం చూసుకోండి.

చెరువు అనగానే సంఘం గుర్తుండాలి. మన దగ్గర చెరువుల్లో చేపల హక్కు చాలావరకు మత్స్యకారుల సొసైటీలది. 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న చేప పిల్లలను వదిలేది వాళ్లు, కాపలా కాసేది వాళ్లు. రాత్రిపూట కరెంటు పెట్టి, జిలెటిన్ వేసి చేపలు చంపే దొంగలతో వాళ్లు ఇప్పటికే విసిగి ఉన్నారు, అలాంటప్పుడు భుజాన రాడ్ వేసుకుని కట్ట మీద ఎవడో కనబడితే ఏమనుకుంటారు? కొర్రమట్ట మీద వాళ్లకు ప్రేమ, కోపం రెండూ ఉంటాయి. వదిలిన రవ్వ, బొచ్చ పిల్లలను తినేది అదే, అమ్మితే అన్నిటికంటే ధర పలికేదీ అదే. నేను వెళ్లే చెరువు దగ్గర సంఘం పెద్దతో ఒక ఒప్పందం ఉంది: పడ్డవాటిలో ఒకటి నాకు, మిగతావి సంఘానికి, చిన్నవి నీళ్లకు. మీరు వేరేలా మాట్లాడుకోవచ్చు, రోజుకింత అని డబ్బులు తీసుకునేవాళ్లూ ఉన్నారు. అడగాల్సింది మాత్రం కట్ట ఎక్కకముందే. మిరుగానికి ముందు వారం అయితే అసలు అడగకండి, వాళ్లు వలలు దించి ఏడాది బేరం చేసుకునే రోజులవి, మీ రబ్బరు కప్ప గురించి వినే తీరిక ఎవరికీ ఉండదు.