ఊరమిరపకాయల పక్కన రాళ్ళు

ఆదివారం పొద్దున ఆరు కాకముందే డాబా ఎక్కాను. అప్పటికే అమ్మ ఊరమిరపకాయలకి చాప పరిచేసింది. నా తొట్టికి మిగిలింది వాటర్ ట్యాంకు వెనక మూల. అందులో పద్దెనిమిది కిలోల రాళ్ళు నిన్న సాయంత్రం నుంచి బ్లీచ్ నీళ్ళలో నానుతున్నాయి. మూత తీస్తే ముక్కు మండింది. అయినా పోయినవారం ఇదే తొట్టిలోంచి వచ్చినదానితో పోలిస్తే ఇది అత్తరే.

ఈ రాళ్ళు నా ఉప్పునీటి అక్వేరియం కోసం. విజయవాడ పటమటలో ఒకాయన తనది ఎత్తేస్తుంటే కొన్నాను. సముద్రంలోంచి తీసినవి కావు. రాతి పగడాలు మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, వాటి జోలికి పోకూడదు. ఇవి సిమెంటు, గవ్వల పొడి కలిపి పోసిన రాళ్ళు. "శుభ్రంగా కడిగి ఎండబెట్టాను, నేరుగా వేసేసుకోండి" అన్నాడాయన. రెండు గోతాల్లో మూటగట్టి, బండి మీద వారధి దాటించి గుంటూరు తెచ్చాను. ఎండి ఉన్నంతసేపూ వాసనేమీ లేదు. మంచినీళ్ళలో వేశాక రెండో రోజుకి ఎండుచేపల బుట్ట వానలో తడిసినట్టు డాబా అంతా ఒకటే కంపు. పక్కింటి పిన్నిగారు పిట్టగోడ మీంచి తొంగిచూసి, "మీ ట్యాంకులో ఎలుకేమన్నా పడిందేమో చూడు నాయనా" అన్నారు.

ఎలుక కాదు. ఈ రాళ్ళ నిండా చిల్లులే. ఆ చిల్లుల్లో బతికిన స్పంజికలు, పురుగులు, నాచు అన్నీ నీళ్ళు తీసేసిన రోజున అక్కడికక్కడే చచ్చి ఎండిపోయాయి. మళ్ళీ తడి తగిలితే కుళ్ళడం మొదలవుతుంది. కుళ్ళితే అమ్మోనియా. అలాగే అక్వేరియంలో వేసుంటే మొదటి వారమే చేపలు తేలేవి.

వారమంతా ఆఫీసు నుంచి రాగానే పాత టూత్‌బ్రష్ పట్టుకుని కూర్చున్నాను. ఒక రాయి అడుగున తెల్లగా సేమ్యా ముక్కల్లా చుట్టలు చుట్టుకుని పురుగుల గొట్టాలు ఉన్నాయి. గోటితో గీకితే టిక్కుమని విరిగాయి. ఇంకో దాని మీద ఊదారంగు పెచ్చు ఉండేది. అదొక రకం సున్నపు నాచు. ఇప్పుడు పాత గోడ మీది డిస్టెంపర్‌లా వెలిసిపోయింది. దాన్ని గీకబుద్ధి కాలేదు, వదిలేశాను.

బుధవారం నా అవస్థ చూసి అమ్మ ఒక ఉపాయం చెప్పింది. "ఇంతోటిదానికి వారం రోజులెందుకురా? పెద్ద గుండిగలో వేసి ఒక్క ఉడుకు ఉడికిస్తే సరి." పాలసీసాలు ఉడకబెట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి, ఆవిడకు అదే తోస్తుంది. కానీ ఈ రాళ్ళని ఉడకబెట్టకూడదు. వీటి మీద ఆయన ఏమేం పెంచాడో నాకు తెలియదు. జోవాంథిడ్లని చొక్కా గుండీల్లా గుంపుగా పెరిగే జీవులుంటాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటిలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. రాయి ఉడకబెడితే ఆ విషం ఆవిరితో పాటు గాల్లోకి లేచి, ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో జరిగాయి. ఇదంతా చెబితే అమ్మ గుండిగ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "ఇంట్లోకి విషం తెచ్చావా?" అంది. అప్పటినుంచి నేను కళ్ళజోడు, గ్లోవ్స్ లేకుండా తొట్టి దగ్గరికెళ్తే ఊరుకోవడం లేదు. బ్రష్ కొడితే తుంపర కళ్ళలో పడుతుంది కాబట్టి ఆ విషయంలో ఆవిడ మాటే రైటు.

బ్లీచ్ అంటే మన వీధుల్లో చల్లే పొడి కాదు. దానివల్ల సున్నపు మడ్డి అడుగున పేరుకుంటుంది. అందుకే ద్రవం వాడాను, పదిపాళ్ళ నీళ్ళకి ఒక పాలు. నాన్న పాత లుంగీ కట్టుకుని పోశాను. ఇప్పుడా నీలం లుంగీ మీద తెల్ల చుక్కలు. నాన్న ఇంకా చూడలేదు.

ఈరోజు పని ఆ బ్లీచ్‌ని విరిచేయడం. దానికి సోడియం థయోసల్ఫేట్ కావాలి. రేపల్లె దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావ కిలో ప్యాకెట్ పంపించాడు. హేచరీల్లో నీళ్ళకి క్లోరిన్ పెట్టాక దీంతోనే విరుస్తారట. నేను ప్యాకెట్ చింపుతుంటే కాఫీ గ్లాసుతో నాన్న పైకొచ్చారు. పటికబెల్లం లాంటి పలుకులు రెండు అరచేతిలో వేసుకుని, "హైపో కదరా ఇది!" అన్నారు.

నాన్నకి బ్రాడీపేటలో ఫొటో స్టూడియో ఉండేది. డిజిటల్ కెమెరాలొచ్చాక మూసేశారు. డార్క్‌రూమ్‌లో డెవలపర్ తర్వాత ప్రింటుని ఈ హైపోలోనే ముంచేవారు, లేకపోతే వెలుతురు తగలగానే ఫొటో నల్లబడిపోతుంది. ఇన్నేళ్ళ తర్వాత కనబడేసరికి ఇక పక్కకు జరగలేదు. నేను గుప్పెళ్ళతో వెయ్యబోతే ఆపి, విడిగా మగ్గులో కరిగించి, కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో తిప్పారు. నీళ్ళలో క్లోరిన్ మిగిలిందో లేదో చెప్పే ఓటీ చుక్కలు వేసి చూస్తే మొదటిసారి నీళ్ళు చిక్కటి పసుపు. రెండోసారి లేత పసుపు. మూడోసారి రంగే రాలేదు. "కడుగుడు బాగా కడగాలి. హైపో మిగిలితే నాలుగేళ్ళకి ప్రింటు పసుపెక్కేది" అన్నారు. ఇద్దరం కలిసి నాలుగు నీళ్ళు మార్చాం. లుంగీ అప్పుడు చూశారు. ఏమీ అనలేదు.

పదింటికి రాళ్ళన్నీ ఎండలో ఆరబెట్టాం. తెల్లగా మెరిసిపోతున్నాయి. అమ్మ కూడా మెచ్చుకుంది. కానీ నాకు తృప్తి లేదు. ఎందుకంటే వీటిలో అరచేయంత ముక్కని ముందే బ్లీచ్ చేసి, కడిగి, మూడు రోజుల కిందట ఆర్‌ఓ నీళ్ళ బకెట్లో వేశాను. మధ్యాహ్నం ఆ నీళ్ళకి ఫాస్ఫేట్ టెస్ట్ చేస్తే సీసా సిరా నీలం రంగుకి తిరిగింది. లీటరుకి ఒక మిల్లీగ్రాము. పగడాలు పెంచేవాళ్ళు 0.1 దాటితేనే కంగారు పడతారు.

బ్లీచ్ కుళ్ళుని తినేస్తుంది గాని ఫాస్ఫేట్‌ని ఏమీ చెయ్యలేదు. ఏళ్ళ తరబడి చేపలకి వేసిన మేతలోది రాయిలోని సున్నానికి పట్టేసి ఉంటుంది. నీళ్ళు శుభ్రంగా ఉంటే మెల్లగా వదులుతుంది, నీళ్ళలో దానికి సమానమయ్యాక ఆగుతుంది. మళ్ళీ నీళ్ళు మారిస్తే మళ్ళీ వదులుతుంది. దీనికి చాలామంది యాసిడ్‌లో ముంచి పైపొర కరిగించేస్తారు. నాకిష్టం లేదు. సిమెంటు రాయి, సగం కరిగి ఊరుకుంటుంది. పైగా బ్లీచ్ వాడిన తొట్టిలో చుక్క మిగిలి, దాని మీద యాసిడ్ పడితే వచ్చేది క్లోరిన్ వాయువు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళున్నారు. నేను నీళ్ళే మారుస్తాను, రెండు నెలలు పడితే పట్టనీ.

"సూర్యలంక పోయి నాలుగు క్యాన్లు సముద్రపు నీళ్ళు తెచ్చుకోరాదూ, ఈ ఆర్‌ఓ గోలంతా ఎందుకు?" అన్నారు నాన్న అన్నం తింటూ. ఒడ్డు నీళ్ళలో ఏ కాలవ కలుస్తుందో, ఏ మడ్డి ఉంటుందో చెప్పాను. సరేలే అన్నారు గాని నమ్మినట్టు లేదు.

సాయంత్రం నాలుగున్నరకి మబ్బు పట్టింది. నేను కిందనుంచి పరిగెత్తుకెళ్ళేసరికి అమ్మ మిరపకాయలు ఎత్తేసి, రాళ్ళ మీద పాత చీర పరుస్తోంది.

"వానకి రాళ్ళకేమవుతుందమ్మా?"

"వానకి కాదురా. ఇందాకటి నుంచి ట్యాంకు మీద పావురాళ్ళు వాలుతున్నాయి. రెట్ట వేస్తే, మళ్ళీ ఫాస్ఫేటో ఏదో పెరిగిందని ఇంకో రెండు నెలలు ఇక్కడే పెడతావు."